రాత్రంతా నిమ్మ ఉప్పులో నానబెడితే ఇత్తడి గుండిగ ఎర్రబడింది, ఇప్పుడేం చేయాలి?

కొత్తకాపురం
జనవరి 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన నెల మా అమ్మమ్మగారింటి అటక మీది సామాను దింపుతుంటే ఒక ఇత్తడి గుండిగ దొరికింది. రెండు కిలోల బియ్యం హాయిగా ఉడుకుతాయి. ఒళ్ళంతా నల్లగా ఉంది, అడుగున మసి గట్టిపడిపోయింది. సంక్రాంతికి ఇందులోనే పరమాన్నం వండాలని నా పట్టుదల.

చింతపండు పెట్టి గంటసేపు తోమితే రెట్టలు లాగాయే తప్ప పెద్దగా ఏం వదల్లేదు. అప్పుడు నాకు తెలివి పుట్టింది. టబ్బులో నీళ్ళు పోసి, నాలుగు గుప్పెళ్ళు నిమ్మ ఉప్పు వేసి, రాత్రంతా ముంచి పెట్టాను. పొద్దున చూస్తే నలుపు పోయింది. దాంతోపాటు పసుపూ పోయింది! రాగి చెంబులా ఎర్రగా, అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు. లోపల మరీ వింత, కొంత బూడిద రంగు, కొంత ఎరుపు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇది అసలు ఇత్తడేనా? నేను పాడుచేశానా?

గోదారిగట్టు
జనవరి 2, రాత్రి 10:05

ముందు అమ్మకి చెప్పకండి. పండగ వెళ్ళాక చూసుకోవచ్చు.

పాడవలేదులెండి, కంగారు పడొద్దు. మా ఇంట్లో దీపపు కుందులకి ఇలాగే అయింది. నానబెట్టడం ఆపేసి, తడి చింతపండులో కాస్త ఉప్పు, సన్నగా జల్లించిన ముగ్గుపిండి కలిపి రుద్దండి. ఎర్రపొర నెమ్మదిగా వదిలి పసుపు తేలుతుంది. ఒక్క రోజులో అవదు. రోజుకో మూల చేయండి. పీతాంబరి పొడి ఉంటే ఇంకా సుఖం.

గుండిగ ఎక్కడిదో తెలుసా? మా వైపు పెద్ద గుండిగలు, బిందెలంటే పెనుగొండ దగ్గర అజ్జరం సరుకే.

లోహాల మాస్టారు
జనవరి 3, ఉదయం 6:20

నలభై ఏళ్ళు పాలిటెక్నిక్ పిల్లలకి లోహాల పాఠం చెప్పి రిటైరయ్యాను. ఇది చూస్తే నోరు ఊరుకోవడం లేదు.

అమ్మా, మీది అసలు సిసలు ఇత్తడే. ఇత్తడంటే రాగీ జింకూ కలిసిన లోహం. జింకుని పాతవాళ్ళు తుత్తునాగం అనేవాళ్ళు. పులుపులో ఎక్కువసేపు ఉంటే జింకు తేలిగ్గా కరిగి నీళ్ళలోకి పోతుంది. రాగి మిగిలిపోతుంది. కాస్త కరిగిన రాగి కూడా తిరిగి వచ్చి పైనే పేరుకుంటుంది. మీరు చూసిన ఎరుపు అదే. పలచటి పొర, రుద్దితే పోతుంది. అదే నాలుగు రోజులు నానబెట్టి ఉంటే లోహం లోపల కూడా గుల్లబారేది. అప్పుడు నేను ఇంత ధీమాగా చెప్పేవాణ్ణి కాదు.

చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, నిమ్మ ఉప్పంటే సిట్రిక్ ఆమ్లం. రెండూ చేసేది ఒకే పని, నల్లటి ఆక్సైడు పొరని కరిగించడం. తేడా అంతా ఎంతసేపు ఉంచామన్న దాంట్లోనే. చింతపండు పూసి ఐదు నిమిషాలాగి తోమేసి, బాగా కడిగి, వెంటనే పొడిబట్టతో తుడిచేయాలి. చాలామంది తుడవరు. తడి ఆరేలోపే మళ్ళీ మచ్చలు పడతాయి, పొడి మంచిది కాదని దుకాణం వాణ్ణి తిడతారు.

లోపలి బూడిద రంగు గురించి ఒక ప్రశ్న. గోటితో గీస్తే మెత్తగా, వెండిలా మెరుస్తుందా?

కొత్తకాపురం
జనవరి 3, ఉదయం 8:15

మాస్టారూ, గీశాను. అవును, మెరుస్తోంది! వెండి పూతా?

ఓరుగల్లు అక్క
జనవరి 3, ఉదయం 8:50

వెండి కాదు చెల్లే, కళాయి. తగరం పూత. నీ నిమ్మ ఉప్పు కంటె ముందే సగం అరిగిపోయి ఉంటది, ఎన్నేండ్ల నాటిదో ఏమో.

నా చిన్నప్పుడు మా వాడకి కళాయి ఆయన వచ్చేటోడు. చెట్టు కింద గుంత తవ్వి, తోలుతిత్తి పెట్టి బొగ్గులు రాజేసేటోడు. గిన్నెని బాగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క అంటిచ్చి, దూదితోని గిర్రున తిప్పేటోడు. తెల్లపొగ లేస్తుండె. ముక్కులు మూసుకుని అక్కడ్నే నిలబడేటోళ్ళం. ఒక్క నిమిషంల నల్ల గిన్నె అద్దం లెక్క తయారు.

ఆ పూత లేకుండ దాంట్ల పులుసు పెడితే చిలుము పడ్తది. వాంతులైతయి. పరమాన్నంల పులుపు లేదు కదా అనుకోకు, బెల్లం వేస్తవ్, గంటలు గంటలు ఉంచుతవ్. కళాయి వేయించినంకనే వండు.

గోదారిగట్టు
జనవరి 3, ఉదయం 9:30

అక్క చెప్పింది నిజం. మేం కిలుము అంటాం. ఇత్తడి గిన్నెలో పెరుగు తోడుపెట్టి పచ్చగా కిలుమెక్కించిన ఘనత మా చిన్నత్తది.

కడపకారం
జనవరి 3, ఉదయం 11:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దండి. మా ఇంట్లో ఇత్తడి లేదు, అంతా స్టీలే. బోకులు ఎంత తోమినా ఆరినాక తెల్లగా పొగమంచు పట్టినట్టు ఉంటాయి. గ్లాసులైతే ఎవరికైనా నీళ్ళు ఇయ్యాలంటే సిగ్గు. సబ్బు మార్చినా, పీచు మార్చినా అంతే. స్టీలు మంచిది కాదంటారా?

బ్యాచిలర్ రూమ్
జనవరి 3, ఉదయం 11:25

బోకులంటే ఏంటి అన్నా?

కడపకారం
జనవరి 3, ఉదయం 11:31

మీ అంట్లే.

ఓరుగల్లు అక్క
జనవరి 3, ఉదయం 11:40

మా దిక్కు బోళ్ళు.

లోహాల మాస్టారు
జనవరి 3, మధ్యాహ్నం 2:00

కడప తమ్ముడూ, స్టీలుదీ సబ్బుదీ తప్పేం లేదు. బోరు నీళ్ళా? ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీళ్ళు ఆరిపోతాయి, సున్నం గిన్నె మీద ఉండిపోతుంది. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని మన ప్రమాణాల సంస్థ లెక్క. వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటుంది. చాలా బోర్లలో ఇది ఎక్కువగానే ఉంటుంది. పైగా అలాంటి నీళ్ళలో బట్టల సబ్బులాంటి బిళ్ళ సరిగ్గా నురగ రాదు. తెల్లటి జిడ్డుగా మారి అదీ గిన్నెకే అంటుకుంటుంది.

వారానికోసారి గ్లాసుల్ని ఒక వంతు వెనిగరు, నాలుగు వంతుల నీళ్ళలో పావుగంట ఉంచి కడగండి. రోజూ మాత్రం ఒకటే మందు, తోమిన గిన్నెలు బోర్లించి వదిలేయకుండా బట్టతో తుడవడం. ఇంకా బాగుండాలంటే చివరి కడుగు ఒక్కటి ఫిల్టరు నీళ్ళతో.

కడపకారం
జనవరి 3, మధ్యాహ్నం 2:20

సార్, స్టీలు అంటే తుప్పు పట్టదు అంటారు కదా. మా ఉప్పు డబ్బా అడుగున సూదితో పొడిచినట్టు చిల్లులు పడ్డాయి. మరి అదేంది?

లోహాల మాస్టారు
జనవరి 3, సాయంత్రం 5:45

తుప్పు "పట్టదు" కాదు, తొందరగా పట్టదు. స్టీలులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పొర కడుతుంది. కాపలాకాసేది ఆ పొరే. మంచి వంట స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. డబ్బాల మీద 18/8 అని ఉండేది అదే, 304 అన్నా అదే. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని సూదిమొనంత చోట పొడిచి లోపలికి తొలుస్తుంది. అందుకే ఉప్పుకి జాడీ. మన ముసలమ్మలు కెమిస్ట్రీ చదవలేదు, కానీ ఉప్పు, ఊరగాయ జాడీలోనే పెట్టారు.

ఇంకో సంగతి. చన్నీళ్ళలో ఉప్పు వేసి కలపకుండా పొయ్యి మీద పెడతారు. ఆ ఉప్పు అడుగున కూర్చుని చుక్కలు చుక్కలుగా తొలుస్తుంది. నీళ్ళు మరిగాక వేసి కలపండి. బట్టలకి వాడే బ్లీచింగ్ ద్రావణం స్టీలు గిన్నెల దగ్గరకే రానివ్వొద్దు. దాన్ని వెనిగరుతో గానీ బాత్రూం యాసిడ్‌తో గానీ కలిపితే విషవాయువు పుడుతుంది, అది మరీ ప్రమాదం.

అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని దుకాణంలో చెప్తారు, నమ్మకండి. నికెలు తగ్గించి మాంగనీసు పెంచిన చౌక రకం 202కి కూడా అంటుకోదు.

బ్యాచిలర్ రూమ్
జనవరి 3, రాత్రి 11:50

నాదీ ఒక కేసు. పప్పు పెట్టి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయా. స్టీలు గిన్నె అడుగున బొగ్గు. ఇనప పీచుతో గంట గీకా, గీతలు పడ్డాయి, బొగ్గు పోలేదు. ఓనర్ ఆంటీ గిన్నె అది.

గోదారిగట్టు
జనవరి 4, ఉదయం 7:00

ఓనర్ ఆంటీదా, అయితే అర్జెంటే.

గీకడం మానేయండి. మాడు మునిగేంత నీళ్ళు పోసి రెండు చెంచాల వంటసోడా వేసి పది నిమిషాలు మరిగించండి. దింపేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చెక్క అట్లకాడతో నెడితే రేకుల్లా లేస్తుంది. మొండిగా ఉంటే మళ్ళీ ఒకసారి. ఇది స్టీలుకే సుమా. సత్తు గిన్నెకి సోడా వేస్తే ఇంకా నల్లబడుతుంది.

ఓరుగల్లు అక్క
జనవరి 4, ఉదయం 7:30

సత్తు అంటే మేం సిల్వర్ గిన్నె అంటం. అల్యూమినియం. మా పెండ్లప్పుడు మా ఆడిబిడ్డ, కోస్తా దిక్కు పిల్ల, "సిల్వర్ తపేలాలు పెట్టిన్రు" అంటే వెండియి అనుకుని మస్తు సంబరపడ్డది, పాపం.

సిల్వర్ కుక్కర్ లోపల నల్లగైతే సోడా వద్దు. నిమ్మ చెక్కలేసి నీళ్ళు మరిగిస్తే తెల్లగైతది. అన్నం గిన్నె లోపల పెట్టేటప్పుడు కింద నీళ్ళల్ల పిండిన నిమ్మ చెక్క ఒకటి వేస్తే మళ్ళ నల్లబడదు.

డల్లాస్ బాబాయి
జనవరి 4, ఉదయం 9:10

మీరందరూ తోముతూ ఉండండి. నేను డిష్‌వాషర్‌లో వేసి కాఫీ తాగుతా.

ఓరుగల్లు అక్క
జనవరి 4, ఉదయం 9:14

బాబాయ్, ఇత్తడి గుండిగ వేసి చూడు.

డల్లాస్ బాబాయి
జనవరి 4, ఉదయం 9:40

చూశానమ్మా, వేసే చూశాను. వచ్చిన కొత్తలో మా ఆవిడ పుట్టింటి రాగి చెంబు, ఇనప పెనం, చెక్క పిడి ఉన్న కత్తి ఒకే లోడులో వేశా. చెంబు నల్లబడింది, పెనం తుప్పుతో ఎర్రబడింది, కత్తి పిడి పగిలింది. మూడు రోజులు ఇంట్లో కాఫీ పుట్టలేదు.

ఇప్పుడు మా ఇంట్లో రూలు ఇది. స్టీలు, పింగాణీ, గాజు లోపలికి. ఇత్తడి, రాగి, కంచు, వెండి, ఇనుము, సత్తు, చెక్క, నాన్‌స్టిక్ బయటే. ఆ మిషన్ పొడి గట్టి క్షారం, పైగా నీళ్ళు బాగా వేడి. పదునైన కత్తులు కూడా వేయను, మొండి పడతాయి. ఇండియాలో అమ్మే మిషన్లలో ఉప్పు పోసే గది ఉంటుంది. అది నీళ్ళ కాఠిన్యం తగ్గించే భాగాన్ని శుభ్రం చేయడానికి. అందులో వంట ఉప్పు కాదు, డిష్‌వాషర్ ఉప్పే పోయాలి. ఇక్కడి మిషన్లలో చాలావాటికి ఆ గదే ఉండదు.

నూకలక్ష్మి
జనవరి 4, మధ్యాహ్నం 1:30

ఎన్నాళ్ళుగానో చదవడమే, రాయడం ఇదే మొదలు. ఇనప పెనం మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఆరేళ్ళుగా అట్లు కాగితంలా లేచే పెనం మాది. ఊరెళ్ళి వచ్చేసరికి పనిచేసే అమ్మాయి పాపం "ఎంత నల్లగా ఉందో" అని జాలిపడి, పొడి పెట్టి తెల్లగా మెరిసేలా తోమేసింది. ఆ పిల్లని ఏమంటాం, శ్రద్ధగా చేసిన పనే కదా. ఇప్పుడు అట్టు వేస్తే పెనానికే అంకితం.

గోదారిగట్టు
జనవరి 4, మధ్యాహ్నం 2:05

అయ్యో! ఇత్తడి పోతే నవ్వాను గానీ దీనికి నిజంగా బాధేసింది.

ఆ నలుపు మురికి కాదండీ, నూనె వేడికి గట్టిపడి ఇనుముకి పట్టిన పొర. మళ్ళీ కట్టుకోవాలి. బాగా కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టండి. బట్టతో అతి పలచగా నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చండి. ఇలా ఐదారుసార్లు. నూనె ఎక్కువైతే జిగురుగా అవుతుంది, అదే అందరూ చేసే తప్పు. తర్వాత వారం రోజులు అట్లు వద్దు, ఉల్లిపాయలు వేపుకోండి. అట్టు వేసేముందు సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దితే చాలు. రోజూ కడగాలంటే వేడి మీదే నీళ్ళు చల్లి తుడిచేయడం. సబ్బు ఒకసారి తగిలితే కొంపలేం మునగవు, నానబెట్టడమే చేటు. మా ఇంట్లో చపాతీ పెనం వేరు, అట్ల పెనం వేరు, ఈ రెండూ కలిపితే మాకు పడదు.

బ్యాచిలర్ రూమ్
జనవరి 4, రాత్రి 10:00

వంటసోడా పనిచేసింది!! ఆంటీకి గిన్నె ఇచ్చేశా. "కొత్తది కొన్నావా" అంది. ఇంకో డౌటు. గుడ్లు, చేపలు వండిన గిన్నెలకి నీచు వాసన పోవట్లేదు. మర్నాడు టీ కూడా అదే వాసన.

కడపకారం
జనవరి 4, రాత్రి 10:15

నీచుకి టీ గిన్నెకి వేరే వేరే పెట్టుకో సామీ. అది కుదరకుంటే ముందు చన్నీళ్ళతో కడుగు. వేడి నీళ్ళు పోస్తే గుడ్డుసొన గిన్నెకే ఉడికి అతుక్కుంటాది. తర్వాత శనగపిండి చల్లి రుద్దు, జిడ్డూ వాసనా రెండూ లాగేస్తాది. చేపల వాసనకి నిమ్మ చెక్కో, పుల్ల మజ్జిగో. తోమే పీచు కూడా వేరే పెట్టుకో. వాసన గిన్నెలో కాదు, నీ పీచులోనే ఉండొచ్చు.

లోహాల మాస్టారు
జనవరి 5, ఉదయం 6:10

నిమ్మకి చేపల వాసన పోవడానికి కారణం ఉంది. ఆ వాసనంతా అమీన్లనే క్షార పదార్థాలది. పులుపు తగిలితే అవి గాల్లోకి లేచే గుణం పోయి నీళ్ళలో కరుగుతాయి.

వెనకటి బూడిద కూడా వట్టి గరుకు పొడి కాదు. కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. గిన్నెలోని జిడ్డుతో కలిసి అక్కడికక్కడే కాస్త సబ్బు తయారవుతుంది. ఇటుక పొడికి మాత్రం ఆ గుణం లేదు, గీతలు పెట్టడమే దాని పని.

కొత్తకాపురం
జనవరి 8, రాత్రి 9:00

బయటి ఎరుపు దాదాపు పోయింది! రోజుకో మూల చొప్పున రుద్దాను. పసుపు తేలుతుంటే భలే సరదాగా ఉంది. కళాయి హైదరాబాదులో ఎవరేస్తారు?

ఓరుగల్లు అక్క
జనవరి 8, రాత్రి 9:25

బేగంబజార్ల ఇత్తడి సామాన్ల దుకాణాల్ల అడుగు, ఎవరేస్తరో చెప్తరు. దగ్గర నిలబడి వేయించుకో. పాతకాలంల కొందరు తగరంల సీసం కలిపేటోళ్ళు, చౌకైతదని. "వట్టి తగరమే వెయ్యి, వంట గిన్నె" అని ముందే చెప్పు.

లోహాల మాస్టారు
జనవరి 9, ఉదయం 6:30

కళాయి అయ్యాక జాగ్రత్త. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గుండిగని మంట మీద పెట్టి ఎవరితోనో మాట్లాడుతూ నిలబడితే పూత జారి అడుక్కి చేరుతుంది. ముందు పాలో నీళ్ళో పోశాకే పొయ్యి వెలిగించండి. తాలింపులు, వేపుళ్ళు అందులో వద్దు. చెక్క గరిటె వాడండి, ఇనప పీచు తగలనివ్వొద్దు. లోపల చింతపండూ పొడీ అక్కర్లేదు, మెత్తని గుడ్డ, సబ్బు నీళ్ళు చాలు. మొదటిసారి నీళ్ళు మరిగించి పారబోయండి.

కొత్తకాపురం
జనవరి 17, సాయంత్రం 4:30

పండగ అయింది. కళాయికి ఆరువందలు తీసుకున్నారు. అక్క చెప్పిన తెల్లపొగ, దూది, అన్నీ చూశాను. తోలుతిత్తి బదులు ఇప్పుడు కరెంటు బ్లోయరు. పరమాన్నం అడుగంటలేదు, రెండుసార్లు వడ్డించుకున్నారు.

కానీ అసలు కథ వేరే ఉంది. బాగా తోమాక అంచు మీద చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. మూడు పొడి అక్షరాలు, పక్కన 1961. మా అమ్మమ్మ పేరుకీ, తాతయ్య పేరుకీ, ఇంటిపేరుకీ దేనికీ కలవలేదు. అమ్మకి చూపించాను, నిమ్మ ఉప్పు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. అమ్మ ఆ అక్షరాలు చూసి పడీ పడీ నవ్వింది. పెద్దమావయ్య పెళ్ళికి పక్కింటి నుంచి అరువు తెచ్చిన గుండిగట! తిరిగి ఇచ్చేలోపు వాళ్ళకీ మా తాతయ్యకీ గోడ దగ్గర గొడవైంది. ఆ పంతంలో అటకెక్కింది.

గోదారిగట్టు
జనవరి 17, సాయంత్రం 5:10

ఒక్క నిమిషం. ఇది ఏ ఊరండీ? మా నాయనమ్మ పోయేదాకా ఒకటే అనేది, "నా ఇత్తడి గుండిగ పెళ్ళికని పట్టుకెళ్ళి మింగేశారు" అని. ఆవిడ పేరులోనూ మూడు పొడి అక్షరాలే.

కొత్తకాపురం
జనవరి 17, సాయంత్రం 5:12

ఊరి పేరు ఇక్కడ చెప్పను.

గోదారిగట్టు
జనవరి 17, సాయంత్రం 5:13

మీకు ఎర్రపొర పోగొట్టింది నేనండీ.

ఓరుగల్లు అక్క
జనవరి 17, సాయంత్రం 5:20

గుండిగ ఎవ్వరిదైనా గానీ, కళాయి పైసలు ఆరువందలు ముందుగాల తీసుకో చెల్లే.